పెరట్లో వాషింగ్ మిషన్‌కి, వసారాలో స్కూటర్‌కి బయట ప్లగ్ పాయింట్లు: ఎర్త్, ఆర్సీసీబీ గురించి సలహా కావాలి

పాలకొల్లు కోడలు

అందరికీ నమస్కారం అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా మావయ్యగారు 1994లో కట్టించిన డాబా ఇల్లు, అప్పటి వైరింగే ఇప్పటికీ నడుస్తోంది. మీటరు దగ్గర పింగాణీ ఫ్యూజు క్యారియర్లు, గదుల్లో చెక్క బోర్డుల మీద నల్ల స్విచ్చులు. ఆ మధ్య ఇన్వర్టరు పెట్టించినప్పుడు హాల్లో ఒక చిన్న ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు) డబ్బా వచ్చింది. కొత్తది అంటే అదొక్కటే.

వంటింట్లో చోటు చాలక వాషింగ్ మిషన్‌ని పెరట్లో రేకుల షెడ్డు కిందకి మార్చాం. ప్రస్తుతానికి వంటింటి కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి వాడుతున్నాం. తడి చేత్తో మిషన్ అంచు పట్టుకుంటే జివ్వుమంటోంది. మా అత్తయ్యగారు చెప్పులు లేకుండా తడి గచ్చు మీద నిలబడి బట్టలు వేస్తారు, నా టెన్షన్ అంతా ఆవిడ గురించే. కంపెనీ మెకానిక్ వచ్చి చూసి మిషన్‌లో లోపం ఏమీ లేదన్నారు. ఊళ్లో ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి చూసి, "కొంచెం లీకేజీ ఉంటుందమ్మా, చెప్పులేసుకోండి, లేదా కింద రబ్బరు షీటు పరుచుకోండి" అన్నారు. షెడ్డులో పాయింటు పెట్టమంటే ఎనిమిది వందలు అడిగారు. గోడ మీద ట్విన్ ఫ్లాట్ వైరు క్లిప్పులతో కొట్టేస్తే సరిపోతుందట.

మాకు కావాల్సింది షెడ్డులో మిషన్‌కి ఒక పాయింటు, ముందు వసారాలో మా వారి ఎలక్ట్రిక్ స్కూటర్‌కి ఒకటి, గేటు స్తంభం మీద లైటు. గట్టి వాన పడితే షెడ్డులోకి జల్లు కొడుతుంది, పెరట్లో మొదటి మెట్టు దాకా నీళ్లు నిలుస్తాయి. ఏ బాక్సు కొనాలి, ఎంత మందం వైరు వేయించాలి, లీకేజీ వస్తే కరెంటు కట్ చేసే ఆర్సీసీబీ తప్పనిసరా? ఇల్లంతా వైరింగ్ మార్చే డబ్బు ఈ ఏడాది లేదండి. అది దృష్టిలో పెట్టుకుని చెప్పగలరు.

రాజమండ్రి వైరింగ్ మేస్త్రీ

అమ్మా, ముందు ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సు ఈ రోజే తీసేయండి. పాయింటు పడేదాకా మిషన్ ఆపేసి చేత్తో ఉతుక్కున్నా ఫర్వాలేదు. బాక్సు సంగతి తర్వాత చెప్తాను. మీ ఇంటికి ముందు కావాల్సింది ఎర్త్, ఆ తర్వాత ఆర్సీసీబీ. ఈ రెండూ లేకుండా ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ బాక్సు బిగించినా మీ అత్తయ్యగారికి రక్షణ ఉండదు.

మిషన్‌లో లోపం లేదని మెకానిక్ అన్నది నిజమే కావచ్చు. ఇప్పటి మిషన్లలో కరెంటు లోపలికి వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. దాంట్లోని చిన్న కెపాసిటర్లు ఫేజు (కరెంటు వచ్చే వైరు) నుంచి ఒకటి, న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) నుంచి ఒకటి మిషన్ బాడీకి కలిపి ఉంటాయి. వాటి గుండా వచ్చే కాస్త కరెంటు ఎర్త్ వైరులోంచి భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230 వోల్టుల్లో సగం దాకా నిలబడి ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. మిషన్ మంచిదే, ఎర్త్ లేదు, అంతే. కానీ రేపు లోపల హీటర్ కాయిల్ చిల్లుపడితేనో, ఎలక కొరికిన వైరు బాడీకి తగిలితేనో పూర్తి 230 వోల్టులు అదే చోటికి వస్తాయి. అప్పుడు జివ్వుమనడంతో ఆగదు. తడిసిన చెప్పుల్ని నమ్ముకోకండి. ఒక చెయ్యి మిషన్ మీద, ఇంకో చెయ్యి కుళాయి మీద ఉంటే కాళ్లకి చెప్పులున్నా లేనట్టే.

ఎంసీబీ ఉంది కదా, అదే పడిపోతుందిలే అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఈ లెక్క చూడండి. మన ఇళ్లలో ఎవరి ఎర్త్ గుంట వాళ్లదే. మీ గుంట, అవతల ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ కలిపి రెసిస్టెన్స్ 20 ఓమ్‌లు అనుకుందాం. ఫేజు బాడీకి తగిలితే 230ని 20తో భాగించండి, పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు కిందే లెక్క, కదలదు. మిషన్ బాడీ మీద కరెంటు అలాగే ఉంటుంది. ఆర్సీసీబీ పని వేరు. ఫేజులో ఎంత వెళ్లింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగొచ్చింది అనేది చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరితే సెకనులో మూడో వంతు లోపే కట్ చేస్తుంది, తేడా పెద్దదైతే ఇంకా ముందే. దానికి పదకొండు ఆంపియర్ల లీకేజీ అంటే చాలా ఎక్కువ. ఎంసీబీ వైరు కాలిపోకుండా చూస్తుంది, మనిషిని కాపాడేది ఆర్సీసీబీ.

దుకాణంలో 30 మిల్లీ ఆంపియర్లు అని గట్టిగా అడగండి. డబ్బా మీద 0.03 ఏ (A) అని కూడా వేస్తారు. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా అమ్ముతారు, మాటిమాటికీ పడదని చెప్పి అంటగడతారు. అవి లీకేజీ వల్ల నిప్పు పుట్టకుండా చూసేవి, మనుషుల కోసం కాదు. ఇంకో మాట, ఏసీ (AC) టైపు, ఏ (A) టైపు అని రెండు రకాలు దొరుకుతాయి. ఇన్వర్టర్ మోటారున్న వాషింగ్ మిషన్, స్కూటర్ ఛార్జర్ లాంటి వాటికి ఏ (A) టైపు తీసుకోండి. వాటిలోంచి వచ్చే లీకేజీని ఏసీ టైపు ఒక్కోసారి గుర్తించదు.

ఇప్పుడు ఎర్త్. మీది డెల్టా నల్లమట్టి, కాస్త తవ్వితే చెమ్మ, మంచి ఎర్త్ తేలిగ్గా వస్తుంది. కానీ నరసాపురం వైపు వెళ్లేకొద్దీ నీళ్లలో ఉప్పు, జీఐ (జింకు పూత ఇనప) పైపుని తినేస్తుంది. 1994 నాటి పైపు పైకి కనిపించే మూర ముక్క బాగానే ఉన్నా కింద ఎంత మిగిలిందో నమ్మడానికి లేదు. కొత్తది వేయించండి. రెండున్నర మీటర్ల జీఐ పైపు, పునాదికి కనీసం మీటరున్నర దూరంలో, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా. ఉప్పు వద్దనుకుంటే రాగి పూత కడ్డీ, దానికి తోడు అమ్మే పొడి వేయించండి, మీ నేలకి అదే ఎక్కువ కాలం వస్తుంది. తీగని పైపు చుట్టూ మెలిపెట్టి వదిలేస్తే ఒప్పుకోవద్దు. క్లాంపు, నట్టు బోల్టు వేసి బిగించాలి, పైన చిన్న సిమెంటు తొట్టి కట్టి మూత పెట్టాలి. రేపు విప్పి చూసుకోవాలి కదా.

ఎర్త్ ఉందో లేదో చూడ్డానికి టెస్టర్ చాలదు. మేం వాడే పద్ధతి 100 వాట్ల పాతరకం బల్బు. హోల్డరు వైరు ఒకటి ఫేజుకి, రెండోది ఎర్త్‌కి పెడతాం. ఫేజుకి, న్యూట్రల్‌కి పెట్టినప్పుడు ఎంత వెలిగిందో అంతే వెలగాలి. మసకగా వెలిగితే ఎర్త్ బలహీనం. ఇది మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఎర్త్ తెగి ఉంటే ఆ బల్బు గుండా ఫేజు వెళ్లి ఇంట్లో ఎర్త్ కలిపి ఉన్న ప్రతి వస్తువు బాడీ మీదికీ ఎక్కుతుంది. అందుకే ముందు ఫ్రిజ్, గ్రైండర్, మోటారు అన్నీ ప్లగ్గులు పీకించి, ఎవరూ దేన్నీ ముట్టుకోకుండా చూసుకుని చేస్తాం. ఆర్సీసీబీ ఉన్న లైన్లో ఇలా పెడితే అది వెంటనే పడిపోతుంది, కాబట్టి అది బిగించే ముందే ఈ పరీక్ష.

ఒక్క విషయంలో మాత్రం ఎవరు చెప్పినా వినకండి. సాకెట్లో ఎర్త్ పిన్నుకీ న్యూట్రల్‌కీ చిన్న జంపరు వేసి "ఇదిగో ఎర్త్ వచ్చేసింది" అంటారు. మా పేటలో ఒకింట్లో అలాగే వేశారు. గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగింది. లైట్లు ఆరిపోయాయి, ఫ్యాన్లు ఆగిపోయాయి, అందరూ కరెంటు పోయిందనుకున్నారు. ఫేజు మాత్రం వస్తూనే ఉంది. స్విచ్చు వేసి ఉన్న బల్బు గుండా అది న్యూట్రల్ లైన్లోకి వచ్చి, ఆ జంపరు మీదుగా ఫ్రిజ్ బాడీకి ఎక్కింది. ఆ ఇంటి పెద్దావిడ చీకట్లో మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తలుపు పట్టుకున్నారు. షాక్ కొట్టి విసిరి కొట్టినట్టు పడ్డారు, చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. నేను వెళ్లి సాకెట్ విప్పితే లోపల అంగుళం పొడుగు నల్లవైరు ముక్క, రెండు స్క్రూల మధ్య నీటుగా బిగించి ఉంది. ఆ ముక్కని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇల్లంతా మార్చలేమన్నారు కాబట్టి పాత వైరింగ్‌ని కదపకుండా బయట పాయింట్లకి విడిగా లైను తీసుకోండి. మీటరు నుంచి 4 ఎస్క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు, 25 ఆంపియర్ల డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ కట్ చేసే) ఎంసీబీ, దాని తర్వాత 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ, దాని కింద మిషన్‌కి 16, స్కూటర్‌కి 16, గేటు లైటుకి 6 ఆంపియర్ల ఎంసీబీలు. ఇవన్నీ చిన్న డబ్బాలో పడతాయి, అది ఇంటి లోపలి గోడకే ఉండాలి. మిషన్‌కి, స్కూటర్‌కి రెండున్నర ఎస్క్యూ ఎంఎం, లైటుకి ఒకటిన్నర. ఐఎస్ఐ గుర్తున్న వైరే తీసుకోండి. ప్రతి పాయింటుకీ ఎర్త్‌తో కలిపి మూడు వైర్లు వెళ్లాలి, ఎర్త్ ఆకుపచ్చే ఉండాలి. నీళ్లు కాచుకునే మిషన్ అయితే రెండు వేల వాట్లు లాగుతుంది, అంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు, కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్టే. స్కూటర్ ఛార్జరు అంత లాగకపోయినా గంటల తరబడి నడుస్తుంది. సాకెట్ వదులుగా ఉంటే పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. మల్టీప్లగ్గులు, కన్వర్టరు ప్లగ్గులు అక్కడ పెట్టొద్దు.

ట్విన్ ఫ్లాట్ వైరు ఎండకి పగుళ్లిస్తుంది, పైగా దాంట్లో ఎర్త్ ఉండదు. పీవీసీ పైపులోనే లాగించండి. బాక్సు ఐపీ 65 అని రాసి ఉన్నది తీసుకోండి, నీళ్ల పైపుతో కొట్టినా లోపలికి పోదు. కానీ మూత మూసి ఉన్నప్పుడే సుమా. మీరు మిషన్ నడిపేటప్పుడు ప్లగ్గు పెట్టే ఉంటుంది, కాబట్టి ప్లగ్గు మీదుగా మూత పడేంత లోతున్న బాక్సు చూసుకోండి. పైపు కింది నుంచే లోపలికి రావాలి, సందు మూసే గ్లాండు బిగించి. పైన బెజ్జం పెడితే ఐపీ 65 అన్న మాట అక్కడితో అయిపోయినట్టే. మన వైపు వాన కంటే చీమలు, బల్లులు ఎక్కువ పాడుచేస్తాయి, వాడని బెజ్జాలన్నీ మూయించండి. నీళ్లు నిలుస్తాయన్నారు కాబట్టి నేలకి నాలుగైదు అడుగుల ఎత్తులో పెట్టండి. గేటు లైటుకి భూమిలోంచి వెళ్లాలంటే ఆర్మర్డ్ (లోహపు తొడుగున్న) కేబుల్, రెండున్నర అడుగుల లోతు, మీద ఇసుక, ఇటుకలు.

ఆఖరుగా, పని చేయించే రోజు మెయిన్ తీసేస్తే సరిపోదమ్మా. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంది. అది కూడా ఆపి, దాని అవుట్‌పుట్ ప్లగ్గు పీకేయాలి. ఫ్యూజు క్యారియర్లు పీకి ఎవరో ఒకరు జేబులో పెట్టుకోండి, పక్కింటివాళ్లు సాయం చేద్దామని తెచ్చి పెట్టేయకుండా.

అనంతపురం ఆదినారాయణ పేట

మేస్త్రీగారు చెప్పింది వింటే బాగుంది కానీ మా అనుభవం వేరు. మేం ఇల్లు కట్టినప్పుడు ఆర్సీసీబీ పెట్టించాం. ఇన్వర్టరు పెట్టిన రోజు నుంచి అది ఊరికే పడిపోవడం మొదలైంది. వానాకాలంలో అయితే అర్ధరాత్రి పిల్లలు ఉక్కకి లేచి ఏడ్చేవాళ్లు. అన్ని ఎంసీబీలు కింద పెట్టినా పడేది. చివరికి ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపేశాడు, ఇప్పుడు హాయిగా ఉంది. మా నేల కూడా రాయి, ఎర్త్ గుంట తవ్వాలంటే కంప్రెషరు పెట్టాల్సిందే. ఇలాంటి చోట ఏం చేయమంటారు?

డాలస్ గుంటూరు అన్న

ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను, పాలకొల్లు అక్కకి పనికొస్తుందేమో. అమెరికాలో ఇంటి బయట సాకెట్లకి, వంటింట్లో సింకు దగ్గరా, బాత్రూముల్లో లీకేజీ రక్షణ తప్పనిసరి. అది సాకెట్లోనే ఉంటుంది, ముందే రెండు బొత్తాలుంటాయి, దాదాపు 5 మిల్లీ ఆంపియర్లకే పడిపోతుంది. బయట సాకెట్ల మీద బుడగలాంటి లోతైన మూత ఉంటుంది, వైరు కింది నుంచి బయటికొస్తుంది. మేస్త్రీగారు చెప్పిన మూత అదే. ఒక హెచ్చరిక మాత్రం. ఇక్కడి నుంచి ఎవరైనా అలాంటి సాకెట్ తెచ్చిస్తామంటే తీసుకోకండి. ఇవి 120 వోల్టులకి చేసినవి, మన 230కి పనికిరావు.

రాజమండ్రి వైరింగ్ మేస్త్రీ

అనంతపురం అన్నా, మీ ఆర్సీసీబీ ఊరికే పడలేదు. మీ మాటల్లోనే కారణం ఉంది, ఇన్వర్టరు పెట్టిన రోజు నుంచి అన్నారు. ఇన్వర్టరు లైన్ల ఫేజు విడదీసి, న్యూట్రల్ మాత్రం పాతదాంట్లోనే ఉంచేసి ఉంటారు. అలా చేస్తే ఒక దారిన వెళ్లిన కరెంటు ఇంకో దారిన తిరిగొస్తుంది, ఆర్సీసీబీకి అది లీకేజీలాగే కనిపిస్తుంది. ఇన్వర్టరు మీద నడిచే పాయింట్లన్నిటి న్యూట్రల్ విడిగా తీసి ఇన్వర్టరు న్యూట్రల్‌కే కలిపిస్తే ఆగిపోతుంది. ఓపిగ్గా బోర్డులు విప్పి వైర్లు వెతకాలి, పూట పని. ఆ ఓపిక లేకే తప్పించేసి వెళ్లారు.

అన్ని ఎంసీబీలు దించినా పడింది అన్నదానికీ కారణం ఉంది. మామూలు ఎంసీబీ ఫేజుని మాత్రమే కట్ చేస్తుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఎక్కడో గోడ చెమ్మకి న్యూట్రల్ వైరు ఎర్త్‌కి తగులుతుంటే ఎంసీబీలు దించినా లాభం లేదు. న్యూట్రల్ వైర్లన్నీ కలిసే లింకులోంచి ఒక్కొక్క వైరూ తీసి మెగ్గర్ (వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెట్టించండి, కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. రాని వైరు ఎటు పోతుందో చూస్తే దొరికిపోతుంది. సాధారణంగా డాబా మీద లైటో, సంపు మోటారో అయి ఉంటుంది.

రాతి నేల గురించి. ఎర్త్ మరీ బాగా రాకపోయినా ఆర్సీసీబీ పని చేస్తుంది. 100 ఓమ్‌ల ఎర్త్ అయినా 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర బాడీ మీద ఉండేది మూడు వోల్టులే, అది దాటేలోపు కట్ అయిపోతుంది. మీలాంటి నేలలో ఆర్సీసీబీ అవసరం మా గోదావరి వాళ్ల కంటే ఎక్కువ. రెండు మూడు చోట్ల కడ్డీలు దింపి కలిపించండి, ఎండాకాలం గుంటలో నీళ్లు పోస్తూ ఉండండి. మీ ఇంట్లో పిల్లలున్నారు. దయచేసి దాన్ని తిరిగి పెట్టించండి.

పాలకొల్లు కోడలు

మేస్త్రీగారూ, డాలస్ తమ్ముడూ, చాలా థ్యాంక్స్. భీమవరం నుంచి వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాం. మీరు రాసిందంతా ఫోన్లో చూపించాను, ఆయన ఏమీ అనుకోకుండా చదివి "సరిగ్గానే చెప్పారండి" అన్నారు.

వంటింటి సాకెట్ విప్పితే ఆకుపచ్చ వైరు లోపలే ఉంది, కొసకి టేపు చుట్టి మడిచి గోడలోకి తోసేసి ఉంది. అంటే ఇన్నేళ్లూ ఆ సాకెట్‌కి ఎర్త్ లేనే లేదు. పాత ఎర్త్ పైపుని ఆయన చేత్తో ఊపితే నేల మట్టానికి విరిగి చేతికొచ్చింది, లోపల అంతా పొరలు పొరలుగా తుప్పు. కొత్తగా రాగి పూత కడ్డీ దింపించాం. బల్బు పరీక్షలో రెండుసార్లూ ఒకేలా వెలిగింది. డబ్బా హాల్లో పెట్టించాం, ఆర్సీసీబీ ఏ (A) టైపే దొరికింది. మీద టెస్ట్ బొత్తాం నొక్కితే టక్కుమని పడింది. మా అత్తయ్యగారి చేత కూడా నొక్కించాను. ఇప్పుడు మిషన్ ముట్టుకుంటే ఏమీ తెలియడం లేదు. గేటు లైటు పని వానలు తగ్గాక.

ఇంకొక్క సందేహం. బట్టల దండెం షెడ్డు ఇనప స్తంభానికీ, ఎదురుగా జామచెట్టుకీ కట్టిన జీఐ తీగ. స్తంభం మీద నుంచే కొత్త పైపు వెళ్తోంది. మీటరుకి వచ్చే సర్వీసు వైరు కూడా దానికి కాస్త పైనే. ఇబ్బందా?

రాజమండ్రి వైరింగ్ మేస్త్రీ

ఆ తీగ తీసేయించండమ్మా, రేపటిదాకా ఆగొద్దు. మన పల్లెల్లో దండెం తీగకి కరెంటు వచ్చి, తడి బట్టలు ఆరేస్తూ పోయినవాళ్లు ఎంతమందో. సర్వీసు వైరు తొడుగు ఎండకి పగిలి ఆ తీగకి తగిలినా, రేకుల షెడ్డుకి ఎక్కడైనా ఫేజు తగిలినా తీగంతా కరెంటే. సర్వీసు వైరు నుంచి వచ్చేది మీటరుకి ముందే వస్తుంది కాబట్టి మీ కొత్త ఆర్సీసీబీ దాన్ని ఆపలేదు, అది గుర్తుంచుకోండి. నైలాన్ తాడు కట్టండి, అదీ సర్వీసు వైరు కింద కాకుండా పెరటికి అవతలి వైపు. సర్వీసు వైరుకి ఆధారంగా ఉన్న జీఐ తీగకి బట్టలు తగిలించడం కూడా వద్దు.

కింద నిలబడి ఆ సర్వీసు వైరు తొడుగుని ఒకసారి చూడండి. పగుళ్లు కనిపించినా, అతుకు దగ్గర టేపు ఊడినా మీరూ మీ ఎలక్ట్రీషియనూ ముట్టుకోవద్దు. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, లైన్‌మన్ వచ్చి మారుస్తారు. షెడ్డు ఇనప స్తంభానికి కూడా ఎర్త్ తీగ ఒకటి కలిపించమనండి, మనిషి ఎలాగూ గేటు లైటుకి మళ్లీ వస్తారు కదా. టెస్ట్ బొత్తాం నెలకోసారి నొక్కండి. అది ఆర్సీసీబీ మెకానిజం పని చేస్తోందని మాత్రమే చెప్తుంది, ఎర్త్ సంగతి చెప్పదు. ఎర్త్ క్లాంపు ఏడాదికోసారి, వేసవిలో, మూత తీసి చూడండి.